29 మంది కూర్చునే ట్యూషన్ గదికి ఎంత గాలి కావాలి? ఎగ్జాస్ట్ ఫ్యాన్ సైజు తేల్చి చెప్పండి

అక్కయ్యపాలెం_లెక్కలు
ఇంటి పై పోర్షన్‌లో టెన్త్ పిల్లలకి మ్యాథ్స్ ట్యూషన్ చెప్తాను. గది 18 అడుగుల పొడవు, 14 వెడల్పు, 10 ఎత్తు. సాయంత్రం బ్యాచ్‌లో 28 మంది, నాతో కలిపి 29. కిందటేడు వరకు కిటికీలు తీసి రెండు ఫ్యాన్లు వేసేదాన్ని. ఉక్కపోతకి నోట్సు పేజీలు చేతికి అంటుకునేవి కానీ ఎవరూ నిద్రపోలేదు. ఈ ఏడు అందరూ అడుగుతున్నారని ఒకటిన్నర టన్ను ఏసీ పెట్టించా, తలుపులు మూశా. ముప్పావుగంట అయ్యేసరికి వెనక వరస మొత్తం ఆవలింతలు, నాకు తలనొప్పి. మధ్యలో నీళ్ల బాటిల్ కోసం బయటికి వెళ్లి మళ్లీ లోపలికొస్తే గది గుప్పున కొడుతోంది.

ఎలక్ట్రీషియన్ ఆరంగుళాల ఫ్యాన్ చాలన్నాడు. డాబాగార్డెన్స్‌లో షాపతను పన్నెండంగుళాలు తీసుకోమన్నాడు. మా తమ్ముడేమో ఏసీ ఉండగా ఇంకా గాలేంటి అంటాడు. అందరూ నోటికొచ్చింది చెప్తున్నారు, లెక్క మాత్రం ఎవరూ చెప్పట్లేదు. లెక్క కావాలి నాకు.

మురీమిక్చర్
ట్రిగనామెట్రీ మొదలుపెట్టిన వారం నుంచే నిద్రలా? ఫ్యాన్ ఏం చేస్తుంది మేడం.

డక్ట్_మేస్త్రి
ముందు తమ్ముడిగారి మాట. స్ప్లిట్ ఏసీ బయటి గాలి ఒక్క చెంచా కూడా లోపలికి తేదు. ఉన్న గాలినే పీల్చి, చల్లబరిచి, మళ్లీ మీ మొహాన కొడుతుంది. బయటి యూనిట్‌కీ లోపలి యూనిట్‌కీ మధ్య వెళ్లేవి రాగి గొట్టాలు, కరెంటు వైరు, నీళ్లు కారే పైపు. గాలి వెళ్లే దారి అసలే లేదు. అంటే 29 మంది వదిలిన ఊపిరినే 29 మందీ చల్లగా పీలుస్తున్నారన్నమాట.

ఇక మామూలు లెక్క. గది ఘనపరిమాణం 18×14×10 = 2,520 ఘనపు అడుగులు. గంటకి 6 సార్లు గాలి మారాలి అనుకుంటే 2,520×6÷60 = 252 సీఎఫ్ఎం. అంటే నిమిషానికి 252 ఘనపు అడుగులు. ఆరంగుళాల ఫ్యాన్ సరిపోదు, తొమ్మిది కావాలి.

అక్కయ్యపాలెం_లెక్కలు
ఆ 6 ఎక్కడి నుంచి వచ్చింది? 5 ఎందుకు కాదు, 10 ఎందుకు కాదు?

డక్ట్_మేస్త్రి
అనుభవం మేడం. బాత్రూమ్‌కి 8, వంటగదికి 15 అలా వేస్తాం.

ఎండాడ_ఏసీబాబు
మేస్త్రిగారూ, మిమ్మల్ని తప్పుపట్టడం కాదు గానీ ఈ గదికి ఆ లెక్క తప్పుదారి పట్టిస్తుంది. ఇదే గదిలో ఐదుగురు కూర్చున్నా మీ లెక్కలో 252 వస్తుంది, నలభై మందిని కుక్కినా 252 వస్తుంది. గోడలు ఊపిరి పీల్చవు కదండీ. బాత్రూమ్‌కి, స్టోర్‌కి గాలి మార్పిడి లెక్క బాగానే ఉంటుంది. జనం కూర్చునే గదికి తలల్ని లెక్కపెట్టాలి.

అమెరికాలోని ఏసీ ఇంజినీర్ల సంఘం అష్రే వాళ్లది 62.1 అని ఒక ప్రమాణం ఉంది, ఏసీ డిజైన్ చేసేవాళ్లం దాన్నే వాడతాం. తొమ్మిదేళ్లు దాటిన పిల్లల తరగతి గదికి మనిషికి 10 సీఎఫ్ఎం, దానికి అదనంగా నేల వైశాల్యంలో చదరపు అడుగుకి 0.12 సీఎఫ్ఎం. ఆ రెండోది మనుషుల కోసం కాదు, గదిలోని పెయింటు, బెంచీలు, పుస్తకాలు వదిలే వాసనల కోసం. మీకు 29×10 = 290, నేలకి 252×0.12 = సుమారు 30. మొత్తం 320.

కరోనా టైంలో డబ్ల్యూహెచ్‌ఓ ఇంకా గట్టిగా చెప్పింది. 2021లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఇళ్లు కాని చోట్లకి మనిషికి సెకనుకి 10 లీటర్లు. సీఎఫ్ఎంలో అది 21 పైచిలుకు. మీకు 614 అవుతుంది. అది అంటురోగం నాటి లెక్క, మామూలు రోజులకి 320 పట్టుకుందాం.

మురీమిక్చర్
252, 320, 614. వేలంపాటలా ఉంది. ఎవరైనా 700 అంటారా?

బావికాడ_మావయ్య
మా కొత్తవలస ఇంట్లో పైకప్పు కింద గోడకి చిన్న వెంటిలేటర్లుండేవి. వేడిగాలి దానంతటదే పైనుంచి పోయేది. ఒక్కడు కూడా సీఎఫ్ఎం అనలేదు, ఒక్కడికీ తలనొప్పి రాలేదు. కిటికీలు తెరవండమ్మా. ఇంత లెక్కలెందుకు?

పులిబొంగరం
మావయ్యా, కొత్తవలసలో తెరిస్తే చెట్టు గాలి. అక్కయ్యపాలెంలో తెరిస్తే పక్కింటి పోపు వాసన, కింద ఆటోల పొగ, ఆరింటికల్లా దోమలు.

ఎండాడ_ఏసీబాబు
మావయ్యగారి మాటని కొట్టిపారేయకండి. నేషనల్ బిల్డింగ్ కోడ్‌లోనే ఉంది: మన విశాఖలాంటి ఉక్క వాతావరణంలో కిటికీల తెరిచే భాగం నేల వైశాల్యంలో ఆరో వంతుండాలని. పొడి ఎండల ఊళ్లకి పదో వంతు చాలు. మేడం గదికి 252÷6 = 42 చదరపు అడుగులు. మీ కిటికీలు ఎంత?

అక్కయ్యపాలెం_లెక్కలు
నాలుగు బై నాలుగువి రెండు. 32.

ఎండాడ_ఏసీబాబు
స్లైడింగా, రెక్కలా?

అక్కయ్యపాలెం_లెక్కలు
స్లైడింగ్. హుద్‌హుద్ తుపానులో పాత చెక్క రెక్కలు ఎగిరిపోయాయి, తర్వాత ఓనరు అల్యూమినియం వేయించారు.

ఎండాడ_ఏసీబాబు
అయితే 32 కాదు, 16. స్లైడింగ్‌లో ఒక తలుపు ఎప్పుడూ ఇంకోదాని వెనకే ఉంటుంది. ఎంత లాగినా సగమే తెరుచుకుంటుంది. దాని మీద దోమ జాలీ ఉంటే ఇంకా తగ్గుతుంది. 2014 తర్వాత ఊరంతా ఇవే పెట్టుకున్నాం. తుపానుకి గట్టిగానే నిలబడతాయి కానీ మామూలు రోజుల్లో గాలికి అడ్డు.

సింహాచలం_సంపెంగ
నేను ఫిజిక్స్ టీచర్ని, రిటైరయ్యాను. మనిషిని బట్టి గాలిని లెక్కపెట్టడం కొత్త ముచ్చటేం కాదు. మ్యూనిక్‌లో పెటెన్‌కోఫర్ అనే ఆయన 1858లోనే కార్బన్ డయాక్సైడ్‌తో గది గాలిని కొలిచి, పది లక్షల్లో వెయ్యి పాళ్లు దాటితే గాలి చెడ్డట్టే అన్నాడు. నేటికీ ఆ వెయ్యి పీపీఎం మాట వినిపిస్తూనే ఉంది. ఇంకో సంగతి, ఆక్సిజన్ అయిపోయి పిల్లలు తూలుతున్నారనుకోకండి. సీఓటూ 400 నుంచి 2,000కి ఎక్కినా ఆక్సిజన్ 20.9 శాతం నుంచి 20.7 దగ్గరికి మాత్రమే దిగుతుంది. నిద్రకి సీఓటూ ఒక్కటే కారణమని ఒట్టేయలేను. చెమట, వేడి, మధ్యాహ్నం తిన్నది, అన్నీ కలుస్తాయి. కానీ ఆ అంకె చూస్తే గదిలోకి కొత్త గాలి ఎంత వస్తోందో మాత్రం తెలిసిపోతుంది.

అక్కయ్యపాలెం_లెక్కలు
కొలవచ్చా అయితే?

ఎండాడ_ఏసీబాబు
కొలవచ్చు. కానీ చవక మీటర్లలో కొన్ని సీఓటూని చూడనే చూడవు, వేరే వాసనల్ని పట్టి అంకె ఊహించి చూపిస్తాయి. దగ్గర్లో సెంటు కొట్టండి. అంకె ఎగిరితే అది బొమ్మ. ఎన్‌డీఐఆర్ సెన్సార్, అంటే పరారుణ కాంతితో నేరుగా సీఓటూనే కొలిచేది, ఉన్నది అడిగి తీసుకోండి.

అక్కయ్యపాలెం_లెక్కలు
మా తమ్ముడి ఆఫీసు నుంచి ఒకటి తెప్పించా. సెంటు పరీక్షలో పాసైంది, అంకె కదల్లేదు. పొద్దున బాల్కనీలో 420 పీపీఎం. సాయంత్రం క్లాసు మొదలైన ముప్పావుగంటకి 3,100. బోర్డు మీద సర్కిల్ గీస్తూ మీటర్ వైపు చూసి చాక్‌పీస్ కింద పడేశా. పిల్లలు బయటికి పోయాక తలుపు మూసి ఏసీ అలాగే వదిలేశా. అరగంటకి 1,690. ఈ అరగంట అంకెతో ఏమైనా చేయొచ్చా?

ఎండాడ_ఏసీబాబు
మేడం, మీరు తెలియకుండానే అసలు పరీక్ష చేసేశారు. బయటి 420 తీసేస్తే మొదట అదనం 2,680, తర్వాత 1,270. నిష్పత్తి 2.11. మనుషులు లేని గదిలో ఆ అదనం ఒకే నిష్పత్తిలో తగ్గుతూ పోతుంది, కాబట్టి గాలి ఎన్నిసార్లు మారిందో ఆ 2.11 సహజ లాగరిథమ్ చెప్తుంది. అది 0.75 దగ్గర. అది అరగంటకి, కాబట్టి గంటకి 1.5. మీ గదిలో తలుపుల సందుల్లోంచి గంటకి ఒకటిన్నర సార్లే గాలి మారుతోంది. 2,520×1.5÷60 = 63 సీఎఫ్ఎం. 29 మందికి పంచితే తలకి రెండు. ఉండాల్సింది పదీ, పైన నేల లెక్క.

మురీమిక్చర్
సరే, ట్రిగనామెట్రీకి సారీ చెప్తున్నా.

షిప్‌యార్డ్_పెద్దాయన
ఫ్యాన్ సైజు తేలకముందే ఒక ముక్క. ముప్పై ఏళ్లు ఓడల్లో పని చేశాను. ట్యాంకులోకి మనిషిని దింపే ముందు బ్లోయర్ పెట్టి మందపాటి గుడ్డ గొట్టం దించుతాం. ఒకసారి కొత్త కుర్రోడు గొట్టం చివరని మ్యాన్‌హోల్ దగ్గరే వేలాడదీశాడు. బ్లోయర్ హోరుమంటోంది, పైన నిలబడితే చొక్కా ఎగురుతోంది. మీటర్ కిందికి దించి చూస్తే ఆక్సిజన్ 19.5 కంటే తక్కువ. లోపలికి వెళ్లిన గాలి అదే బొక్కలోంచి బయటికొచ్చేస్తోంది, అడుగుకి చేరట్లేదు. గొట్టం అడుక్కంటా దించాకే అంకె పెరిగింది. ఫ్యాన్ ఎంత పెద్దదైనా గాలి వచ్చే దారీ పోయే దారీ పక్కపక్కనే ఉంటే మధ్యలో ఉన్నవాళ్లకి ఏమీ దక్కదు. అమ్మా, నీ ఫ్యాన్ ఎక్కడ పెట్టబోతున్నావు?

అక్కయ్యపాలెం_లెక్కలు
రోడ్డు వైపు కిటికీ పైన... అక్కడ వైరు దగ్గరని.

షిప్‌యార్డ్_పెద్దాయన
అదే చెప్తున్నా. వద్దు. కిటికీలోంచి వచ్చిన గాలి అలాగే నిట్టనిలువుగా ఫ్యాన్‌లోకి పోతుంది. ఎదుటి గోడకి, పైకప్పు దగ్గరగా పెట్టించు.

డక్ట్_మేస్త్రి
పెద్దాయన మాట నూటికి నూరు. నా 6 లెక్క పక్కన పెట్టేస్తున్నా, ఏసీబాబు చెప్పిందే సరి. కానీ షాపులో ఇంకో మోసం ఉంటుంది. మోసమంటే అబద్ధం కాదు, పెట్టె మీద రాసేది ఎదురే లేని చోట తిప్పి కొలిచిన గాలి. గోడలో బిగించి, బయట లూవర్ (వాన పడకుండా వాలు రేకుల మూత) పెట్టి, జాలీ కొడితే మూడో వంతు పోతుందనుకోండి. మీకు 320 కావాలంటే పెట్టె మీద 500 దాకా ఉండాలి. మన దగ్గర పెట్టెల మీద ఎక్కువగా గంటకి ఘనపు మీటర్లు వేస్తారు. సీఎఫ్ఎంని 1.7తో గుణించండి, 850. 850–900 రాసి ఉన్నది చూసుకోండి. అంగుళాలు చూసి కొనొద్దు, ఒకే పన్నెండంగుళాల్లో స్పీడును బట్టి అంకెలు చాలా తేడా ఉంటాయి.

పెందుర్తి_పిల్ల
మధ్యలో దూరుతున్నా. మా బాత్రూమ్ 7 బై 5, ఎత్తు 8. బూజు పడుతోంది. గ్యాస్ గీజర్ లోపలే ఉంది. ఏ ఫ్యాన్?

డక్ట్_మేస్త్రి
280 ఘనపు అడుగులు, ఎనిమిది సార్లంటే 37. ఆరంగుళాలది ధారాళంగా సరిపోతుంది. కానీ ఆగమ్మా, గ్యాస్ గీజర్ లోపల ఎందుకుంది?

షిప్‌యార్డ్_పెద్దాయన
ముందు గీజర్ బయటికి మార్పించు తల్లీ, ఫ్యాన్ తర్వాత. మూసిన బాత్రూమ్‌లో అది మండితే కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. వాసన ఉండదు, రంగు ఉండదు, మనిషి కూలబడేదాకా తెలియదు. ఫ్యాన్ పెట్టేస్తే సరిపోతుందని అస్సలు అనుకోకు. గాలి వచ్చే దారి లేకుండా ఫ్యాన్ లాగితే ఆ పొగని వెనక్కి గదిలోకే లాగే ప్రమాదం ఉంది.

పెందుర్తి_పిల్ల
నాన్నకి ఈ పోస్టు చూపించా. రేపు ప్లంబర్ వస్తున్నాడు.

పులిబొంగరం
మేడం దగ్గరికి వెనక్కి వద్దాం. ఇంత గాలి బయటికి తోస్తే ఏసీ పని ఏంగానూ? మాది లాసన్స్ బే, మే నెలలో కిటికీ ఒక జానెడు తీస్తే గోడలు చెమర్చేస్తాయి. కొన్న ఎగ్జాస్ట్ ఫ్యాన్ జాలీ ఉప్పుగాలికి రెండేళ్లలో తుప్పు పట్టి, ముట్టుకుంటే పొడి రాలింది.

ఎండాడ_ఏసీబాబు
సరైన ప్రశ్న, చేదు జవాబు. బయట 33 డిగ్రీలు, తేమ 75 శాతం, లోపల 25 డిగ్రీలు, 50 శాతం కావాలనుకోండి. అప్పుడు ప్రతి 100 సీఎఫ్ఎం బయటి గాలినీ చల్లబరిచి, నీరు పిండడానికి దాదాపు 0.67 టన్ను పడుతుంది. 320కి రెండు టన్నుల పైమాటే. 29 మంది ఒంటి వేడి ఇంకో 0.8 టన్ను. మేడం ఏసీ మొత్తం కలిపి ఒకటిన్నర. గదిని పూర్తిగా మూసేస్తేనే అది లాగుతోంది, అసలు గుట్టు అదే.

మురీమిక్చర్
అంటే చల్లగా నిద్రపోవాలా, ఉక్కలో మెలకువగా ఉండాలా. టెన్త్ పబ్లిక్‌లో అడగాల్సిన ప్రశ్న.

బావికాడ_మావయ్య
నేను మొదటి రోజే చెప్పాను.

ఎండాడ_ఏసీబాబు
మావయ్యగారూ, సగం మీరే గెలిచారు. మేడం, నా సలహా ఇది. ఏసీని 25లో పెట్టి పోరాడకండి. 28లో పెట్టి సీలింగ్ ఫ్యాన్లు తిప్పండి. ఫ్యాన్ కొత్త గాలి తేదు గానీ ఒంటి మీద గాలి ఆడితే 28 కూడా హాయిగానే అనిపిస్తుంది. ఎగ్జాస్ట్ ఎదుటి గోడకి, గాలి లోపలికొచ్చే దారి రోడ్డు వైపు. స్లైడింగ్ తలుపు ఆరంగుళాలు తీసి ఉంచితే నాలుగడుగుల ఎత్తుకి రెండు చదరపు అడుగుల సందు, జాలీతో సహా మీకది చాలు. ఏసీ ఏ గోడకుంది?

అక్కయ్యపాలెం_లెక్కలు
అదే రోడ్డు గోడకి, కిటికీకి కుడిపక్క.

ఎండాడ_ఏసీబాబు
మంచిదే. బయటి చెమ్మ గాలిలో కొంత ముందు ఏసీ పీల్చుకుంటుంది, అంతా పిల్లల మీదికి తిన్నగా పోదు. నీళ్ల పైపు సరిగ్గా ఉందో చూసుకోండి, ఇకపై బకెట్ త్వరగా నిండుతుంది.

పులిబొంగరం
ఇంకోటి, ఫ్యాన్ ప్లాస్టిక్ రెక్కలది కొనండి. మా అనుభవం.

డక్ట్_మేస్త్రి
ప్లాస్టిక్ అంటే అన్నీ ఒకటి కాదు బ్రదర్. రెక్కలు ప్లాస్టిక్, ఫ్రేమ్ ఇనుము అయితే ఫ్రేమ్ పోతుంది. అక్కయ్యపాలెం సముద్రానికి కాస్త లోపలే కాబట్టి పౌడర్ కోటింగ్ ఉన్నదైనా ఆగుతుంది. నెలకోసారి తుడవడం మాత్రం మానొద్దు. రెక్కల మీద జిడ్డు దుమ్ము పేరుకుంటే గాలి తగ్గిపోతుంది, చప్పుడు పెరుగుతుంది.

సింహాచలం_సంపెంగ
ఖర్చులేని దారి ఒకటుంది. క్లాసుకీ క్లాసుకీ మధ్య పది నిమిషాలు పిల్లల్ని మెట్ల మీదికి పంపి అన్నీ తెరవండి. మా స్కూల్లో పీరియడ్ బెల్లు అందుకే అని ఎవరూ చెప్పలేదు గానీ, ఆ రెండు నిమిషాలు తలుపులు తెరుచుకోవడమే కాపాడేది.

అక్కయ్యపాలెం_లెక్కలు
మూడు వారాలైంది, అప్‌డేట్. ఓనరు ముందు ససేమిరా అన్నారు, గోడకి బొక్క కొడితే వర్షం లోపలికొస్తుందని. వంపుగా లూవర్ పెడతాం, ఖాళీ చేసేటప్పుడు నా ఖర్చుతో పూడుస్తాను అంటే ఒప్పుకున్నారు. పన్నెండంగుళాల ఫ్యాన్, పెట్టె మీద 900 ఘనపు మీటర్లు. గోడ కోసిన రోజు గదంతా ఎర్రమట్టి. బోర్డు మీది సూత్రాలు కనబడలేదు.

అగరుబత్తి వెలిగించి చూశా. కిటికీ సందు దగ్గర పొగ లోపలికి వంగింది, గది మధ్యలో మెల్లగా సాగి ఎదుటి గోడ పైకి ఎక్కింది. పెద్దాయన మాట గుర్తొచ్చింది. మీటర్ ముప్పావుగంటకి 1,150 దగ్గర ఆగింది. గంటన్నర దాకా అక్కడక్కడే తిరిగింది.

ఎండాడ_ఏసీబాబు
బాగుంది. టీనేజీ పిల్లలు పెద్దవాళ్ల కంటే సీఓటూ కాస్త తక్కువ వదులుతారు. వెనక్కి లెక్కేస్తే 340 దాకా సీఎఫ్ఎం దక్కుతున్నట్టే. పెట్టె మీది 900 ఘనపు మీటర్లంటే 530. మేస్త్రిగారి మూడో వంతు కోత ఖాయమైంది.

డక్ట్_మేస్త్రి
చెప్పా కదా అనను గానీ... చెప్పా కదా.

బావికాడ_మావయ్య
చల్లదనం ఎలా ఉందమ్మా?

అక్కయ్యపాలెం_లెక్కలు
28, 29 మధ్య. మొదటి రెండు రోజులు పిల్లలు గొణిగారు. ఒకడైతే ఏసీ పాడైందని ఇంట్లో చెప్పాడట, వాళ్లమ్మ ఫోన్ చేసింది. వెనక వరసలో నిద్ర తగ్గింది. పూర్తిగా పోయిందని చెప్పను, ఒకడు ఉన్నాడు, వాడు కిటికీ పక్కన కూర్చోబెట్టినా నిద్రపోతాడు. నా తలనొప్పి మాత్రం పోయింది.

ఒకటే ఇబ్బంది. తలుపు తీయడానికి బలం కావాల్సి వస్తోంది, తీసినప్పుడు ఈల వేస్తోంది.

షిప్‌యార్డ్_పెద్దాయన
కిటికీ సందు ఎవరో తగ్గించారు. చూసుకో.

అక్కయ్యపాలెం_లెక్కలు
నిజమే. కిటికీ పక్క బెంచీ పిల్ల రెండంగుళాలకి లాగేసింది, జుట్టు ఎగురుతోందట. ట్రాక్‌లో చెక్కముక్క పెట్టేశా, ఇక కదలదు.

మురీమిక్చర్
మేడం, ఆ పిల్లకి ట్యూషన్ ఫీజులో డిస్కౌంట్ ఇవ్వండి, హెయిర్ డ్రైయర్ సర్వీసు కింద.